ఎవరూ లేరు, నేనే

నా తుంటి ఎముక విరిగిన పూట మా ఆయన నాకు మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే డాక్టర్ విశాలాక్షి రాసిన రిపోర్టులో ఇది లేదు. "ప్రయోగ కాలంలో సహాయకురాలు ఇంట్లో జారిపడినది" అని ఒక్క వాక్యం రాసి పారేసింది. సహాయకురాలట! నలభై రెండేళ్ళు కాపురం చేసిన పెళ్ళాన్ని. నా పేరు మాణిక్యం. ఆ పేరు ఆ రిపోర్టులో ఎక్కడా లేదు, అద్దాలు పెట్టుకుని మరీ వెతికాను.

మా ఆయన కోటిలింగంగారు రైలు డ్రైవరు. విజయవాడ నుంచి అటు గూడూరు, ఇటు విశాఖ, ఆయన తోలని బండి లేదు. రిటైరైన నాలుగో ఏడు కుడిచెయ్యి వణకడం మొదలైంది, పార్కిన్సన్స్ అన్నారు. వణుకుతో వేగాం. అడుగులు చిన్నవైపోయి, గుమ్మం దగ్గరికొచ్చేసరికి కాళ్ళు నేలకి అంటుకుపోతే దానితోనూ వేగాం. ఆ తరవాత ధ్యాస పోవడం మొదలైంది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ మూడో గుండీ దగ్గర వదిలేసి గోడవంక చూస్తూ ఉండిపోయేవారు. కిలోమీటరు దూరాన్నుంచి సిగ్నలు పట్టుకున్న కళ్ళకి కంచంలో కూర ఎక్కడుందో తెలిసేది కాదు.

ఒకరోజు పొద్దున్నే, "మాణిక్యం, వీళ్ళక్కూడా టీ పెట్టు" అన్నారు.

"ఎవరికండీ?"

"గ్యాంగ్ వాళ్ళకి. అయిదుగురున్నారు. ఎండలో పని చేసొచ్చారు పాపం."

హాల్లో ఈగ కూడా లేదు. ఆయనకి మాత్రం నారింజరంగు చొక్కాలేసుకున్న అయిదుగురు పట్టాల పనివాళ్ళు గోడకి ఆనుకుని కూర్చుని కనపడుతున్నారు. మాట్లాడరు, అరవరు, కూర్చుంటారంతే. మొదటి రోజు భయపడి అయిదు గ్లాసుల టీ నిజంగానే పెట్టాను, నవ్వుకుంటే నవ్వుకోండి. తరవాత నవ్వులాట కాదని తెలిసొచ్చింది. వాళ్ళని తొక్కకూడదని పక్కకి తప్పుకోబోయి ఆయన రెండుసార్లు పడ్డారు. రెండోసారి నుదురు చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి.

నరాల డాక్టరు చెబితేనే మంగళగిరి అవతల కొత్తగా కట్టిన పరిశోధనాలయానికి వెళ్ళాం. విశాలాక్షి అక్కడి పెద్ద డాక్టరు. ఆవిడ ఒక ఫొటో మీద బటర్ పేపరు కప్పి మా ఆయన ముందు పెట్టింది. "ఇదేంటి సార్?" అంది.

"పిల్లి. ముడుచుకుని పడుకుంది" అన్నారాయన ఠక్కున.

కాగితం తీసింది. మడత పెట్టిన తువ్వాలు.

"కన్ను సగమే పంపింది. ధ్యాస పెట్టి ఇంకోసారి చూస్తే తువ్వాలని తెలిసేది. మెదడు అలా చూసుకోకుండా మిగతా సగం సొంతంగా గీసేసుకుంది. మీ గ్యాంగ్ వాళ్ళూ ఇంతే" అని చెప్పి, ఒక కళ్ళజోడు తీసింది. ఫ్రేము లావుగా ఉంది. దాన్నుంచి సన్నటి తీగ వచ్చి చెవి వెనక అంటించే చిన్న బిళ్ళకి కలుస్తుంది. మెదడు ఏ బొమ్మ గీసుకుంటోందో ఆ బిళ్ళ కనిపెడుతుందట. అది అబద్ధపు బొమ్మయితే అక్కడికక్కడ చిన్న మీటు మీటి ఆర్పేస్తుందట.

"అబద్ధమో నిజమో దానికెట్లా తెలుస్తుందమ్మా?" అని అడిగాను. ఆ పూట బుద్ధిగలిగిన ప్రశ్న వేసింది నేనొక్కదాన్నే.

జవాబు షబానా చెప్పింది. ఆ కళ్ళజోడుకి బుర్ర తయారుచేసింది ఆ అమ్మాయే, గుంటూరు పిల్ల. "మీరు చెప్తారాంటీ. అంకుల్‌కి మనిషి కనపడినప్పుడల్లా 'ఎవరున్నారక్కడ?' అని అడుగుతారు. ఎవరైనా ఉంటే మీరు వాళ్ళ పేరు చెప్పండి. లేకపోతే 'ఎవరూ లేరు' అనండి. కళ్ళజోడు వింటుంది. కొన్నాళ్ళకి దానంతటదే నేర్చుకుంటుంది, ఇక మీరు చెప్పే పనే ఉండదు."

మా ఆయనకి ఇది తెగ నచ్చింది. "ఇది మా ఇంజను పద్ధతేనమ్మా" అన్నారు. ఇంజనులో స్టేషను ముందరి హోమ్ సిగ్నలు పచ్చగా కనపడగానే డ్రైవరు చెయ్యి చాపి "హోమ్ గ్రీన్!" అని గట్టిగా అనాలి. పక్కనున్న అసిస్టెంటు తన కళ్ళతో తను చూసి, "హోమ్ గ్రీన్!" అని తిరిగి అనాలి. "ఒక్కడంటే అది సిగ్నలు కాదు. ఇద్దరూ చూడాలి, ఇద్దరూ అనాలి" అని ఆయన చెయ్యి చాపి చూపించారు కూడా, ఆ వణికే చెయ్యే.

డాక్టరు నవ్వింది. "ఇంక మీకు అసిస్టెంటుతో పని లేదు సార్. ఇదే మీ అసిస్టెంటు." వచ్చేముందు ఇంకో మాట చెప్పింది. "మనిషి కనపడకుండా గొంతు వినపడితే అదీ జబ్బే. కొందరికి అలా కూడా ఉంటుంది. పట్టించుకోకండి, ఆ చోటు వదిలి వెళ్ళిపోండి."

"రైట్ మేడమ్" అన్నారు మా ఆయన. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క రూలు తప్పని మనిషి.

నిజం చెప్పాలి, పని చేసింది. "ఎవరున్నారక్కడ?" అనేవారు. "ఎవరూ లేరండీ" అనేదాన్ని. రెండు వారాలకి, "ఇవాళ ముగ్గురే వచ్చారే!" అన్నారు. నాలుగో వారానికి గోడ ఖాళీ. గుండీలన్నీ ఆయనే పెట్టుకున్నారు, పేపరు మొదటి పేజీ చివరిదాకా చదివారు. నేను పొంగిపోయి బొబ్బట్లు చేసి డబ్బాలో పెట్టుకుని ల్యాబుకి మోసుకెళ్ళాను. ఆ బొబ్బట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను మాయమవడం ఎప్పుడు మొదలైందో నాకు తెలీదు. ఎదురొస్తే తప్పుకోకుండా నా మీదికి వచ్చేస్తున్నారు, నడక జబ్బు అనుకున్నాను. మాట్లాడితే గోడవంక చూసి జవాబిస్తున్నారు, ఆ తరవాత జవాబు ఇవ్వడం కూడా మానేశారు, మతిమరుపు అనుకున్నాను. కాఫీ గ్లాసు బల్ల మీద పెడితే దాన్ని చూస్తారు, పెట్టినదాన్ని చూడరు. అందులో వింత ఏముంది? ఈయన నా మొహం తిన్నగా చూసింది పెళ్ళిచూపుల్లో ఒకసారి, మా అమ్మాయి పుట్టినప్పుడు ఇంకోసారి. ఎప్పుడూ చూడని మనిషి ఇప్పుడు చూడ్డం మానేశాడని ఎట్లా కనిపెడతాను చెప్పండి!

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి పెరట్లో బట్టలుతికే బండ దగ్గర సబ్బునీళ్ళలో కాలు జారింది. లోపల ఏదో పుటుక్కుమంది. లేవబోతే కళ్ళు బైర్లు కమ్మాయి. తలతిప్పి చూస్తే ఆయన పెరటి గుమ్మంలో నిలబడి వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. అమ్మయ్య అనుకున్నాను.

"ఏవండీ! పడిపోయాను. లేవలేకపోతున్నాను. పక్కింటి ఫిలోమినాని కేకెయ్యండి!"

ఆయన నావైపే తిరిగారు. ఆ చూపు నా మొహం మీద పడి, అక్కడ ఆగకుండా వెనకున్న నీళ్ళ తొట్టి మీదికి పోయింది. చేతిలో కాయలు రాలిపోయాయి.

"మాణిక్యం గొంతు" అన్నారు తనలో తను. నేల అంతా వెతికారు, నా చీర కుచ్చెళ్ళ మీదుగా, నా చేతుల మీదుగా. "మనిషి లేదు."

"ఇక్కడే ఉన్నానండీ! మీ కాళ్ళ ముందే ఉన్నాను!"

ఆయన బళ్ళో పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు అన్నారు, "మనిషి కనపడకుండా గొంతు వినపడితే అది జబ్బు. పట్టించుకోకూడదు. ఆ చోటు వదిలెయ్యాలి." అని, చిన్న చిన్న అడుగులేసుకుంటూ వెనక్కి తిరిగి, లోపలికి వెళ్ళి తలుపు వేసేసుకున్నారు. ఏడుస్తూ వెళ్ళారు. అది నేను చూశాను. అది చూశాను గనకే ఆయనతో ఇంకా ఒక ఇంట్లో ఉన్నాను.

పక్కింటి ఫిలోమినా డాబా మీద ఒడియాలు తీసుకోవడానికి ఎక్కేదాకా, రెండు గంటలు, ఆ ఎండలో ఆ బండ పక్కనే పడున్నాను. నోరెండిపోయింది, అయినా తిడుతూనే ఉన్నాను.

ఆపరేషనైన మర్నాడు ఆయన్ని ఫిలోమినాయే ఆసుపత్రికి తీసుకొచ్చింది. వార్డులోకొచ్చి, నా మంచం ముందు నిలబడి, "ఏ మంచమమ్మా?" అని దాన్ని అడిగారు. ఫిలోమినా ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది. "పెట్టుకుంటే కనపడకపోతే తీసి చూడండి అన్నయ్యగారూ!" అని ఆ కళ్ళజోడు, బిళ్ళ, తీగ అన్నీ కలిపి ఒక్క లాగు లాగేసింది. ఆయన నన్ను చూశారు. కాలికి కట్టు, చేతికి సెలైను. మంచం కమ్మీ పట్టుకుని అలాగే ఉండిపోయారు. నాకు జాలి కలగలేదు. నాకు తెలియాల్సింది ఒక్కటే, ఈ మనిషి కళ్ళలోంచి నన్ను తీసేసింది ఎవరని.

మూడో వారం వీల్‌చెయిర్‌లోనే ల్యాబుకి వెళ్ళాను, ఆయన్ని వెంటబెట్టుకుని. షబానా కంప్యూటర్లో రికార్డు తెరిచింది. ముందు మా ఆయన గొంతు, "ఎవరున్నారక్కడ?" వెనకాల కుక్కరు విజిలు. తరవాత ఒక ఆడగొంతు, చిరాగ్గా:

"ఎవరూ లేరు, నేనే."

ఇంకోటి పెట్టింది. తాలింపు చప్పుడు. "ఎవరూ లేరు, నేనే." ఇంకోటి. చీపురు చప్పుడు. "ఎవరూ లేరులెండి, నేనే." ఒకటా రెండా, నూట నలభై మూడు.

నా గొంతే. వంటింటి గుమ్మంలో నిలబడి, దొడ్డి తలుపు తీస్తూ, మడత మంచం ఈడుస్తూ నేనన్న మాటే. మా అమ్మ అనేది, మా అత్తగారు అనేది. ఎవరైనా తలుపు కొట్టి సార్ ఉన్నారా అంటే, ఇంట్లో ఎవరూ లేరండీ అని చెప్పి నలభై రెండేళ్ళు గడిపాను, ఆ ఇంట్లోనే నిలబడి.

"చూశారా, మీరే చెప్పారు ఎవరూ లేరని" అంది డాక్టర్ విశాలాక్షి. ఆవిడ మొహంలో కొండంత బరువు దిగిన సుఖం కనపడింది.

"తరవాత నేనే అన్నానుగా! అది వినపళ్ళా మీ యంత్రానికి?"

షబానా తల ఎత్తలేదు. "'ఎవరూ లేరు' అనగానే అది వినడం ఆపేస్తుందాంటీ. అలా రాసింది నేనే. మా అమ్మీ కూడా ఇంట్లో ఇదే అంటుంది, ఉర్దూలో అంటుంది, మాట ఇదే. రోజూ వింటూ కూడా నాకు తట్టలేదు."

"ఒక్క మాటకే పెళ్ళాం మాయమైపోతుందా? మరి ఫిలోమినా మాయమవలేదే? పాలబ్బాయి మాయమవలేదే?"

డాక్టరు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది. "ధ్యాస పెట్టి చూసిన మనిషి ముద్ర మెదడులో గట్టిగా ఉంటుందమ్మా. దాన్ని మాటతో చెరపలేం. అబద్ధపు బొమ్మల ముద్ర పల్చగా ఉంటుంది, సగం చూసీ సగం చూడకా గీసుకున్నది కదా. కోటిలింగంగారి మెదడులో మీ ముద్ర కూడా... పల్చగా ఉంది. యంత్రం అందుకే పొరబడింది."

"జబ్బు వల్లా?"

"కొంత జబ్బు" అని ఆపేసింది.

మిగతా కొంత ఏంటో ఆ గదిలో అందరికీ తెలుసు. నేను కుర్చీ తిప్పి ఆయనకి ఎదురుగా పెట్టాను. "రికార్డు ప్రకారం నేను పడిపోవడానికి ముందు తొమ్మిది రోజులు మీకు అసలు కనపళ్ళేదట. తొమ్మిది రోజులండీ! నేనేమయ్యానని మీకు అనిపించలేదా?"

ఆయన నేలచూపులు చూశారు. అబద్ధం చెప్పడం రాని మనిషి, అదే నా ఖర్మ.

"వేళకి అన్నం వస్తోంది" అన్నారు. "మాత్రలు వస్తున్నాయి. బట్టలు మడతపెట్టి ఉంటున్నాయి. ఉన్నావనే అనుకున్నా మాణిక్యం."

చేతికర్ర ఉంటే విసిరేదాన్ని. వీల్‌చెయిర్‌లో ఉన్నాను, విసరడానికి ఏమీ దొరకలేదు.

అప్పుడు షబానా మెల్లగా అంది. "ఆంటీ, నిన్న మిగతా ఇళ్ళ రికార్డులు కూడా చూశాను. ముప్ఫై ఆరు ఇళ్ళు. పదకొండు ఇళ్ళల్లో ఒక మనిషి ముద్ర చెరిగిపోతోంది. అందరూ ఆడవాళ్ళే. పదిమంది భార్యలు, ఒక కోడలు."

"ఆ మగవాళ్ళు ఏమన్నారు?"

"ఎవరూ కంప్లైంటు చెయ్యలేదాంటీ."

"ఒక్కడు కూడా?"

"ఒక్కరు కూడా."

"వాళ్ళ కళ్ళజోళ్ళు ఇప్పుడే తీయించండి" అన్నాను డాక్టరుతో.

"నెలాఖరుకి ప్రయోగం ముగుస్తుంది. తరవాతి దాంట్లో ఇది సరిచేస్తాం. మధ్యలో తీసేస్తే అందరికీ బొమ్మలు తిరిగొస్తాయమ్మా. తప్పుకోబోయి పడతారు. మీవారికి పడిన కుట్లు మీరే చూశారు కదా."

"ఆయన పడితే కుట్లు, డాక్టర్లు, పరిశోధన. నేను పడితే తరవాతి ప్రయోగమా? ఆ పదకొండు మందిలో ఎవరు పొయ్యి దగ్గర పడతారో, ఎవరు బావి దగ్గర పడతారో మీకు తెలుసా? వాళ్ళు అరిస్తే పట్టించుకోవద్దని చెప్పింది మీరే కదమ్మా! విశాలాక్షి అని పేరు పెట్టుకున్నారు, ఎదురుగా ఉన్న మనిషి కనపట్టంలేదు మీకు!"

"వాళ్ళ వివరాలు బయటికి ఇవ్వకూడదు" అంది ఆవిడ, గొంతు తగ్గించి.

షబానా తన ఫోను తీసి, ఆ పదకొండింటిలో ఒక ఇంటి నంబరు కొట్టి, స్పీకరు పెట్టి నా ఒళ్ళో పెట్టింది.

"ఏం చేస్తున్నావు షబానా?"

"పొరపాటు నాది మేడమ్."

అవతల ఫోను ఎత్తారు. గిన్నెల చప్పుడు. "హలో?"

"ఎవరమ్మా మాట్లాడేది?" అన్నాను.

"ఇంట్లో ఎవరూ లేరండీ. ఆయన వాకింగుకెళ్ళారు. సాయంత్రం చెయ్యండి."

నా గొంతు నా చేతిలో లేకుండా పోయింది. "మీరున్నారుగా తల్లీ!" అని అరిచాను. "మీరున్నారుగా ఇంట్లో! మీ పేరేంటి?"

"నా పేరా? నా పేరు దేనికండీ?"

"చెప్పండమ్మా!"

"వరహాలు" అంది, ఎవరో వింటారన్నట్టు.

"వరహాలుగారూ, మీ ఆయన మీ మొహం చూసి ఎన్నాళ్ళయింది?"

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. "చూడ్డం అంటే?" అంది ఆవిడ.

నేను చెప్పాను. కళ్ళజోడు గురించి, ఆ మాట గురించి, బండ దగ్గర రెండు గంటల గురించి, అంతా. పెట్టేసేముందు ఆవిడ ఒక్కమాట అంది. "ముసలాయనకి నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నానండీ. నెల్రోజుల్నించీ ఆయనకిష్టమైనవే వండుతున్నాను." అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది.

రెండో ఫోను కూడా నేనే చేశాను. మూడోది చెయ్యబోతుంటే డాక్టర్ విశాలాక్షి చెయ్యి చాపి ఫోను తీసుకుంది, తనే మాట్లాడింది. ఎందుకో నేనడగలేదు. ఆ సాయంత్రానికి పదకొండు కళ్ళజోళ్ళూ వెనక్కి వచ్చాయి. రిపోర్టులో మాత్రం నా పేరు రాయలేదు, అదీ చెప్పాలిగా.

కళ్ళజోడు లేకపోయేసరికి ఇంట్లో గ్యాంగ్ వాళ్ళు తిరిగొచ్చారు. మొదటి రోజు ఇద్దరు, వారం తిరిగేసరికి అయిదుగురూ వచ్చి గోడకి ఆనుకున్నారు. మా అమ్మాయి నాగపూర్ నుంచి ఫోను చేసి, బాగుచేసిన కళ్ళజోడు ఇస్తారటగా, తీసుకోమ్మా అంది. ఇచ్చినప్పుడు చూద్దాం అన్నాను. ఈలోపు ఈ ఇంట్లో ఇంజను రూలే రూలని ఆయనకి చెప్పాను. ఆయనకి ఏది కనపడినా చెయ్యి చాపి పైకి చెప్పాలి. నాకూ కనపడితే నేను తిరిగి అంటాను. నేను అనకపోతే అది లేనట్టు, వదిలెయ్యాలి. ఇద్దరూ చూడాలి, ఇద్దరూ అనాలి.

"రైట్" అన్నారు.

మర్నాడు పొద్దున నేను వాకర్ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాను. ఆయన పేపరు ముందేసుకుని కూర్చున్నారు.

"ఎవరున్నారక్కడ?"

"ఎవరూ..." నాలుక చివరిదాకా వచ్చేసింది దరిద్రపు మాట. పళ్ళతో పట్టి ఆపాను. "మాణిక్యం!" అన్నాను.

"ఆఁ" అని పేజీ తిప్పారు.

"ఆఁ కాదు! తలెత్తండి. చూసి, చెయ్యి చాపి, తిరిగి అనండి. ఒక్కరంటే సిగ్నలు కాదని చెప్పింది మీరేగా?"

తలెత్తారు. చూపు నా మీదికి వచ్చింది, జారిపోయింది, కిటికీ దాకా వెళ్ళింది, గోడ దగ్గర తచ్చాడింది. వెనకాల పొయ్యి మీద పాలు పొంగుతున్న చప్పుడు వినపడుతోంది. పొంగనీ అనుకున్నాను. కదలకుండా నిలబడ్డాను. జబ్బు మనిషి, కష్టపడుతున్నారని తెలుసు, నుదుటి మీద చెమట కనపడుతోంది. అయినా సాయం చెయ్యలేదు. చూపు తిరిగొచ్చి నా మొహం మీద ఆగింది. చెయ్యి లేచింది, వణుకుతూనే నావైపు సాగింది.

"మాణిక్యం" అన్నారు.

"వినపళ్ళా."

"మాణిక్యం!" పక్కింట్లోంచి ఫిలోమినా తొంగిచూసేంత గట్టిగా అన్నారు. అని, అదే చెయ్యి గోడవైపు తిప్పారు. "గ్యాంగ్ వాళ్ళు. అయిదుగురు."

గోడవంక చూశాను. ఏమీ అనలేదు. ఆయన నా జవాబు కోసం ఎదురుచూశారు. గోడని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ గోడని చూశారు. మెల్లగా చెయ్యి దించేశారు. ఆ తరవాత ఎవరూ అడక్కుండానే నావైపు తిరిగి, మళ్ళీ చెయ్యెత్తి, "మాణిక్యం" అన్నారు.

నా కోపం చల్లారలేదు. చల్లారుతుందని మాటివ్వలేను.

"ఇంకోసారి" అన్నాను.